నిత్యము నడుపు కారు: మెత్తదనము, పట్టు

చౌమహల్లా ప్రాసాదమునకు పోయిన మన విద్యార్థులలో చాలమంది అచ్చటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచియే యుందురు. అది 1912 నాటి సిల్వర్ గోస్ట్. దానిని చేయింపగోరినవాడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను. ఆయన 1911లోనే గతించుటచే అది ఏడవ నిజామునకు ఉత్సవవాహనమైనది. వెనుక సింహాసనము వంటి ఆసనము గల ఆ కారు ఊరేగింపు కొరకే పుట్టినది. మలుపు వద్ద టైరు పట్టు చాలునా యని గాని, గోతిలో పడిన చక్రము నడుమును అదరగొట్టునా యని గాని దానిలో కూర్చున్నవారు చింతింపవలసిన యవసరము లేకుండెను.

ఆ ప్రాసాదపు గోడ కీవల, ఖిల్వత్ వీధిలో నిలుచుండు చిన్న కార్లకు అంతటి భాగ్యము లేదు. అదే కారు ఉదయము పిల్లలను బడికి దింపవలెను. మధ్యాహ్నము మదీనా కూడలి రద్దీలో మొదటి గేరుతో ప్రాకవలెను. రాత్రి గల్ఫు దేశమునుండి వచ్చు బంధువు కొరకు శంషాబాదు విమానాశ్రయమునకు పరుగెత్తవలెను. పాతబస్తీ గల్లీలో దాని వేగము సైకిలు వేగము. 2025 జనవరిలో తెరచిన ఆరాంఘర్ – జూపార్కు ఫ్లైఓవరు మీదనో, 158 కి.మీ. పొడవు గల ఔటర్ రింగు రోడ్డు మీదనో దాని వేగము వేరు. ఈ రెండింటికిని ఒకే స్ప్రింగు, ఒకే టైరు. అందుచేత, కారును తమ యిష్టము వచ్చినట్లు మార్చదలచు యువకులు ముందుగా కొంత భౌతికశాస్త్రము తెలిసికొనుట మంచిదని తలచి ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఈ పాఠమునకు కారకుడు మా విద్యార్థి యొకడు. డిగ్రీ మూడవ సంవత్సరము చదువుచున్న ఆతని యిల్లు హుస్సేనీ ఆలం ప్రాంతపు గల్లీలో కలదు. ఇంటనున్నది ఒకరు వాడి అమ్మిన చిన్న కారు. గత సంవత్సరము ఆతడు ముందరి రెండు స్ప్రింగులలోను ఒక్కొక్క చుట్టు కోయించి కారును క్రిందికి దించెను. 14 అంగుళముల చక్రములు తీసివేసి 17 అంగుళముల మెరుగు చక్రములు వేయించెను. చూచుటకు బాగుగనే యున్నదని మేమును ఒప్పుకొంటిమి. అయితే ఆతని తల్లికి వెన్నుపూసల నడుమ డిస్కు జారిన బాధ కలదు. ఆరాంఘర్ అవతల నొక వైద్యుని యొద్దకు వారమునకు రెండు మారులు ఆమెను తీసికొనిపోవలసి యుండెను. మార్పు జరిగిన పిమ్మట ఆమె రెండు మారులు ఆ కారెక్కినది, మూడవ మారు ఆటో పిలువుమన్నది. ఆటో కుదుపులు అంతకంటెను అధికము కాగా, అటుపై చికిత్సకు పోవుటయే మానివేసినది.

ఆతడు మా వద్దకు వచ్చి యిట్లనెను: "కారు మంచిగనే పోతున్నది సార్. ఫ్లైఓవర్ మీద రైలు లెక్క నిలబడ్తది. అమ్మనే కూసోనంటున్నది."

"ఫ్లైఓవర్ మీద ఎన్ని నిమిషాలుంటవు నాయనా?" అని అడిగితిమి.

"నాలుగైదు నిమిషాలు సార్."

"మిగిలిన అరగంట?"

ఆతడు జవాబు చెప్పలేదు. ఆ అరగంటను గూర్చియే యీ వ్యాసము.

స్ప్రింగు మీద నిలిచిన కారును ఒక్కసారి నొక్కి విడిచినచో అది సెకనుకు కొన్ని మారులు పైకి క్రిందికి ఊగును. ఈ సంఖ్యనే పౌనఃపున్యమందురు. దీనిని కనుగొనుటకు ఒక సులభసూత్రము కలదు: కారు బరువునకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు అణగినదో ఆ సంఖ్యకు వర్గమూలము తీసి, దానితో 5ను భాగింపవలెను. 25 సెం.మీ. అణగిన స్ప్రింగు సెకనుకు ఒక మారు ఊగును. సుమారు 6 సెం.మీ. మాత్రమే అణగినది రెండు మారులు ఊగును. సాధారణమైన కార్లు 1 నుండి 1.5 హెర్ట్జ్ నడుమ నుండును. మనము నెమ్మదిగా నడచునపుడు దేహము పైకి క్రిందికి కదలు లయ దీనికి దూరము కాదు గనుక ఆ ఊపును దేహము బాధగా ఎంచదు. దేహము సహింపనిది 4 నుండి 8 హెర్ట్జ్ వరకు గల నిలువు కంపము. ఉదరములోని అవయవములు, వెన్నెముక ఆ వేగమున ప్రతిధ్వనించును. 1974లో మొదట వెలువడిన ఐ.ఎస్.ఓ. 2631 ప్రమాణము నిలువు కంపమునకు మానవ దేహము మిక్కిలి సున్నితముగా నుండు పరిధిగా దీనినే గుర్తించినది.

ఇప్పుడు మన గల్లీలకు వత్తము. స్పీడు బ్రేకరు ఎట్లుండవలెనో భారత రోడ్డు కాంగ్రెసు 1988లో వెలువరించిన 99వ సంఖ్య గల మార్గదర్శకములలో చెప్పియున్నది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ., వంపు వ్యాసార్ధము 17 మీటర్లు, దాటు వేగము గంటకు 25 కి.మీ. (జ్యామితి చదువు విద్యార్థులు ఈ మూడు కొలతలును ఒకదానితో నొకటి సరిపోవునో లేదో లెక్కించి చూడవచ్చును; సరిపోవును.) ఆ వేగమున దానిని దాటుటకు అర సెకనునకు పైన పట్టును. అది మెల్లని ఊపు. స్ప్రింగు దానిని భరించును. కాని ఇంటిముందర పిల్లలాడుకొందురని గల్లీవారు తామే సిమెంటుతో పోసికొనిన గట్టు అర మీటరు వెడల్పు కూడ నుండదు. గంటకు 15 కి.మీ. వేగమున దానిని దాటుటకు పట్టునది 0.12 సెకను. అనగా సుమారు 8 హెర్ట్జ్ కంపము వంటి పోటు. వేగమును 9 కి.మీ.కు తగ్గించినను అది 5 హెర్ట్జ్ దరిదాపుననే నిలుచును. వెన్నునొప్పి గలవారికి ఏది గిట్టదో సరిగా దానినే ఆ గట్టు అందించును. ఆ గట్టు పోసినవారిని మేము నిందింపము. పిల్లల ప్రాణము ముందు. కారు మాత్రము ఆ గట్టును ఎదుర్కొనవలసినదే.

మా విద్యార్థి కారునకు వత్తము. లెక్క కొరకు ముందరి ఒక్కొక్క చక్రము మీద 250 కిలోగ్రాముల బరువు పడుచున్నదనియు, స్ప్రింగు ఒక మిల్లీమీటరు అణగుటకు 20 న్యూటన్ల బలము కావలెననియు అనుకొందము. అప్పుడు స్ప్రింగు 12 సెం.మీ.కు పైచిలుకు అణగును, పౌనఃపున్యము 1.43 హెర్ట్జ్. స్ప్రింగునకు పనిచేయు చుట్లు ఆరు ఉన్నచో, ఒకటి కోసిన పిమ్మట మిగిలినవి ఐదు. చుట్లు తగ్గినకొలది స్ప్రింగు గట్టిపడును; ఇచ్చట ఐదింట ఒక వంతు గట్టిపడి 24 న్యూటన్లగును. పౌనఃపున్యము 1.57 హెర్ట్జ్ అగును. ఈ అంకెను చూచి విద్యార్థి సంతోషించెను. "ఇంతే గద సార్, పెద్ద ఫరక్ లేదు" అనెను.

చిక్కు ఆ అంకెలో లేదు. కారు సుమారు 4 సెం.మీ. క్రిందికి దిగినది. గోతిలోనో గట్టుమీదనో పడిన చక్రము పైకి లేచుటకు ముందు 8 సెం.మీ. దారి యుండెననుకొన్నచో, ఇప్పుడు మిగిలినది 4 సెం.మీ. ఆ దారి ముగియగానే చక్రమునకు అడ్డుగా రబ్బరు దిమ్మ యొకటి యుండును. దానిని తాకిన క్షణమున స్ప్రింగు అనునది లేనట్లే. నేల యిచ్చు దెబ్బ నేరుగా కారు కాయమునకు, కాయమునుండి ఆసనమునకు, ఆసనమునుండి నడుమునకు చేరును. ఆ తల్లి సహింపలేకపోయినది స్ప్రింగు గట్టిదనమును కాదు, ఆ రబ్బరు దిమ్మ దెబ్బను.

పోనీ, దిమ్మ తగులకుండునట్లు స్ప్రింగును ఇంకను గట్టిదిగా చేసిన నేమగును? స్ప్రింగు తనలో నిలువ చేసికొను శక్తి అణగిన దూరపు వర్గమును బట్టి యుండును. దారి సగమైనచో, అదే దెబ్బను ఆపుటకు స్ప్రింగు నాలుగింతలు గట్టిదిగా నుండవలెను. అప్పుడు పౌనఃపున్యము రెండింతలై 2.86 హెర్ట్జ్ అగును. సెకనుకు 8 మారుల కంపము నేలనుండి వచ్చునపుడు, 1.43 హెర్ట్జ్ కారు అందులో ముప్పదవ వంతు మాత్రమే లోనికి పంపును, 2.86 హెర్ట్జ్ కారు ఏడవ వంతు పంపును. ఇవి ఘర్షణ లేని ఆదర్శ గణితపు అంకెలు. షాక్ అబ్జార్బరు, రబ్బరు బుష్షులు, ఆసనపు దూది ఈ లెక్కను కొంత మార్చును. అయినను నాలుగింతల తేడా దాగునది కాదు. పందెపు కార్లు నేల కానుకొని గట్టిగా నుండుట మనము చూతుము. అవి పరుగెత్తు దారి అద్దమువలె నుండును గనుక వానికి చెల్లినది.

వెనుక కూర్చున్నవారికి మరియొక కష్టము. మారిస్ ఓలీ అను ఇంగ్లీషు ఇంజనీరు రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసి, 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థలో చేరెను. బరువులను అటునిటు జరుపుటకు వీలైన కారునొకదానిని చేయించి, మనుష్యులను కూర్చుండబెట్టి, ఏ అమరికలో ప్రయాణము సుఖముగా నుండునో ఆయన పరిశీలించెను. తేలినదేమనగా, ముందరి స్ప్రింగులు వెనుకవానికంటె మెత్తగా నుండవలెను. కారణము సులభము. గట్టును ముందరి చక్రము మొదట ఎక్కును. వెనుక చక్రము కొంత ఆలస్యముగా ఎక్కును. గంటకు 30 కి.మీ. వేగమున ఆ ఆలస్యము సుమారు 0.3 సెకను. ఆలస్యముగా ఊగ మొదలిడిన వెనుకభాగము కొంచెము త్వరగా ఊగినచో ముందరిభాగమును అందుకొనును. కారు సమతలముగా లేచి దిగును. అట్లు గానిచో ముక్కు లేచునపుడు తోక దిగును, తోక లేచునపుడు ముక్కు దిగును. లోనివారి తలలు ముందునకు వెనుకకు ఊగును. మా విద్యార్థి కోయించినది ముందరి స్ప్రింగులనే. తయారీదారు వెనుకకు ఉంచిన ఆ కొద్దిపాటి ఆధిక్యము ఒక్క రంపపు కోతతో పోయినది.

ఇచ్చట ఒక మాట. మన మిస్త్రీలు లారీ క్రింది ఉక్కు పట్టీల కట్టను కమాను అందురు. కమాను అనగా పారసీకమున విల్లు. ఉర్దూ భాగము చదువు మిత్రులకు ఇది చెప్పనక్కరలేదు. అంబాసిడరు కారునకు వెనుక ఇట్టి కమాను పట్టీలే యుండెడివి. 2014లో ఉత్తరపారా కర్మాగారమున దాని ఉత్పత్తి నిలిచిపోయినది గాని, దాని వెనుక సీటు మెత్తదనమును మా తరమువారు ఇంకను మరువలేదు. టాక్సీవారు బరువు కొరకు అదనముగా ఒక పట్టీ వేయించిన అంబాసిడరు నిండుగా నున్నపుడు బాగుండెడిది, ఖాళీగా నున్నపుడు ఎగిరెడిది. మార్పు ఒక పని కొరకు చేసినచో మరియొక పనికి చెడునని ఆ టాక్సీవారికి ఏ సూత్రమును లేకయే తెలియును.

ఇక చక్రముల మాట. మొదట ఆ కారునకు ఉన్న టైరు 165/80 ఆర్ 14. అనగా వెడల్పు 165 మి.మీ., అందులో నూటికి 80 వంతులు పక్కగోడ ఎత్తు: 132 మి.మీ. వేయించినది 205/40 ఆర్ 17. దాని పక్కగోడ 82 మి.మీ. మాత్రమే. టైరు పక్కగోడ కూడ ఒక స్ప్రింగే యని మనవారు మరతురు. అన్ని స్ప్రింగులకంటెను నేలకు దగ్గరగా నున్నది అదియే. 50 మి.మీ. గాలిమెత్తను తీసివేసి దాని స్థానమున లోహమును ఉంచినట్లయినది. గోతి అంచు తగిలినపుడు రిమ్ము వంగుట, టైరు పక్కన బుడిపె లేచుట ఇందువలననే. పెద్ద చక్రము తరచుగా బరువుగా కూడ నుండును. స్ప్రింగునకు క్రిందనున్న బరువు పెరిగినకొలది గోతిలో దిగిన చక్రము వెంటనే నేలను తిరిగి పట్టుకొనజాలదు. అంతేకాక మొత్తము టైరు వ్యాసము 620 నుండి 596 మి.మీ.కు తగ్గినది. కారు మరి 12 మి.మీ. దిగినది, స్పీడోమీటరు నూటికి నాలుగు వంతులు ఎక్కువ చూపుచున్నది. గంటకు 100 కి.మీ. పోవుచు 104 అని చదువుకొని ఆనందించుటకు ఇంత వ్యయము అవసరమా యని మేము పరిహాసమాడితిమి. ఆతడును నవ్వెను. అందముకొరకు పెద్ద చక్రమే కావలెనన్నచో 185/65 ఆర్ 15 ఉన్నది: పక్కగోడ 120 మి.మీ., వ్యాసము 621 మి.మీ. తేడా దాదాపు లేదు. వెడల్పు మాత్రము 20 మి.మీ. హెచ్చును.

పర్ఫార్మెన్స్ అను మాటను యువకులు వేగమునకును, గట్టిదనమునకును పర్యాయపదముగా వాడుచున్నారు. టైరు నేలను పట్టుకొని యుండుటయే పట్టు. గాలిలో లేచిన టైరు బ్రేకు వేయదు, మలుపు తిప్పదు. చదునైన ఫ్లైఓవరు మీద గట్టి స్ప్రింగు కారును ఒరగనీయక ఆ పట్టును పెంచవచ్చును. మేన్‌హోలు మూతలు, కేబులు కొరకు త్రవ్వి పూడ్చిన కాలువలు గల వీధిలో అదే గట్టి స్ప్రింగు టైరును ఎగురగొట్టి ఆ పట్టును పోగొట్టును. కాబట్టి మన వీధులలో మెత్తదనమును పట్టును చాల దూరము కలిసియే పోవును. ఈ రెండును విడిపోవు చోటు ఎక్కువ వేగమున మలుపు తిరుగునపుడు మాత్రమే. దానికొరకు కొందరు కారు ఒరుగుటను ఆపు అడ్డకడ్డీని లావుది వేయింతురు. రెండు చక్రములు కలిసి లేచునపుడు ఆ కడ్డీ అడ్డుపడదు, నిజమే. కాని ఒకే పక్క చక్రము గోతిలో పడినపుడు ఆ దెబ్బను రెండవ పక్కకు పంచి కూర్చున్నవారి తలలను పక్కలకు ఊపును. మన గోతులు జంటలుగా రావు.

అసలు నిత్యము నడుపు కారునకు చేయదగిన మార్పులలో మొదటిది మార్పు కానేకాదు, మరమ్మతు. వాడిన కారులో కుదుపు వచ్చినను, తేలినట్లున్నను, తొంబది పాళ్ళు కారణము అరిగిపోయిన షాక్ అబ్జార్బరే యని మా ఉస్తాద్ అనును. ఆ తొంబది ఆయన లెక్క, మాది కాదు. స్ప్రింగు ఊపును పుట్టించును, షాక్ అబ్జార్బరు ఆ ఊపును చంపును. కారు ఒక మూలను గట్టిగా నొక్కి విడువుడు. ఒకమారు లేచి నిలిచినచో మంచిది, రెండు మూడు మారులు ఊగినచో అది పనికిరాదు. ఇది చవకైన పరీక్ష, ముతక పరీక్ష కూడ. నూనె కారుచున్నదేమో చూచుటయు అవసరమే. మార్చినపుడు జంటగా మార్చవలెను. చురుకు కోరువారు మొదటి స్ప్రింగులనే యుంచి, కొలదిగా గట్టి షాక్ అబ్జార్బరు వేసికొనుట మేలు. కారు తేలుట తగ్గును, దారి తరుగదు. క్రింది ఆర్ము బుష్షులు ఎండి పగిలినచో టకటకమను శబ్దమే కాక స్టీరింగు మాట వినదు. గట్టి ప్లాస్టికు బుష్షులు స్టీరింగును పదునుచేయును గాని రోడ్డు హోరును లోనికి తెచ్చును. ఇక గాలి. డ్రైవరు తలుపు వద్ద అంటించిన చీటిలో ఎంత గాలి కొట్టవలెనో వ్రాసియుండును. మైలేజి వచ్చునని దానికంటె ఎక్కువ కొట్టించుట మన బంకులలో మామూలు. ఒక్క కానీ ఖర్చు లేకుండ సుఖమును పాడుచేసికొను మార్గమిది. ఒక్క కానీ ఖర్చు లేకుండ సరిచేసికొనవచ్చును కూడ. టైరు చల్లగా నున్నపుడే కొలువవలెను.

చట్టము సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రమున నమోదైన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీం కోర్టు కేరళకు సంబంధించిన వ్యాజ్యమున ఈ మాటనే దృఢపరచినది. బీమా సంస్థకు తెలుపక చేసిన మార్పు, ప్రమాదానంతరము పరిహారమడుగునపుడు చిక్కు తేవచ్చును. ఏ మార్పునైన రవాణా కార్యాలయమున విచారించిన పిమ్మటనే చేయవలెను.

మా విద్యార్థిని వెంటబెట్టుకొని మేము పురానాపూల్ వైపున మాకు తెలిసిన ఉస్తాద్ యొద్దకు పోయితిమి. అరువది దాటినవాడు, ఫియట్ల కాలమునుండి యీ పనిలో నున్నాడు. కారు క్రిందికి వంగి చూచి, "కోసిన స్ప్రింగు మల్ల పెరగదు బేటా, కొత్తయి తేవాలె" అనెను. గోషామహల్‌లో పాత కార్లు విప్పి అమ్ము దుకాణములలో చవకగా దొరకునేమో యని విద్యార్థి అడిగెను. "డోరు తెచ్చుకో, అద్దం తెచ్చుకో. స్ప్రింగు, బ్రేకు మాత్రం పాతయి వద్దు. అది ఎన్ని గోతులు జూసిందో ఎవరికెరుక?" అని ఉస్తాద్ చెప్పెను. ముందరి స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయబడినవి. రబ్బరు దిమ్మలు నలిగి సగమైయుండెను, అవియు మార్చబడినవి. 17 అంగుళముల చక్రములు అమ్మగా వచ్చిన సొమ్ముతో టైర్లు వచ్చినవి, షాక్ అబ్జార్బర్లకు తన ట్యూషను జీతము రెండు నెలలది పోయినదని ఆతడు చెప్పెను. చక్రములను విడిచినందుకు ఆతని ముఖము చిన్నబోయిన మాట నిజమే.

చూడగోరు విద్యార్థులు ఒక ప్రయోగము చేయవచ్చును. సెల్‌ఫోనులో త్వరణమును కొలుచు సాధనము కలదు. దానిని వెనుక సీటుమీద జారకుండ కట్టి, ఒకే గల్లీని ఒకే వేగమున, టైర్లలో చీటిలోని గాలితో నొకమారు, దానికి మించిన గాలితో నొకమారు దాటి, వచ్చిన గీతలను పోల్చుడు. డ్రైవరు సీటుమీద కట్టినచో అంత తేడా కనుపింపకపోవచ్చును. రెండు ఇరుసుల నడుమ కూర్చున్నవాడు, చక్రముమీద కూర్చున్నవాడు పొందునది ఒకటి కాదు.

మా విద్యార్థి తల్లి ఇప్పుడు మరల మంగళవారము, శుక్రవారము చికిత్సకు పోవుచున్నది. మొదటి దినము ఆమె సీటు అంచును రెండు చేతులతో పట్టుకొని కూర్చుండెననియు, జూపార్కు దాటిన పిమ్మట ఒక చేయి విడిచెననియు ఆతడు మాకు చెప్పెను. ముందర ఎడమవైపున చిన్న శబ్దమొకటి ఇంకను వచ్చుచున్నది. లింకు రాడ్డు కావచ్చునని, ఆదివారము తీరికగా చూచెదనని ఉస్తాద్ అన్నాడు.